మంచుపలకకు మైనపు పూత

మైనము మన స్త్రీలకు క్రొత్త వస్తువు గాదు. నుదుట కుంకుమ నిలుచుటకై ముందుగా కొంచెము మైనము రాచుకొనుట మన అమ్మమ్మల కాలమున నిత్యకృత్యము. కలంకారీ పనివారు నీలిరంగు పట్టగూడని తావులను మైనముతో కప్పి, పిదప బట్టను రంగులో ముంచుట కలదు. ఒకచోట పట్టి నిలుపుటయు, మరొకచోట అంటకుండ కాచుటయు ఈ వస్తువునకు గల గుణములు. మంచుదేశములలో దీనికి మూడవ ఉపయోగము కూడ నున్నది. అచ్చట కొండవాలులపై పిల్లలును పెద్దలును నిలువబడి జారు స్నోబోర్డు అను పలకయొక్క అడుగునకు మైనము పూయుదురు. పూత లేని పలక సరిగా జారదు. జారినను ఎచ్చట జారునో, ఎచ్చట పట్టివేయునో తెలియదు.

ఈ సంగతి మనకేల యని కొందరు సోదరీమణులు తలపవచ్చును. అమెరికా, కెనడా దేశములలోను ఐరోపాలోను స్థిరపడిన తెలుగు కుటుంబములు నేడు కొల్లలుగా నున్నవి. అచ్చటి పిల్లలు బడిలోని తోడివారితో గూడి చలికాలమున ఈ ఆట నేర్చుచున్నారు. మన దేశమునందును కాశ్మీరములోని గుల్మర్గులోను, ఉత్తరాఖండములోని ఔలీలోను మంచు ఆటలు సాగుచున్నవి; 2020లో గుల్మర్గునందు ఆరంభమైన ఖేలో ఇండియా శీతకాల క్రీడలలో స్నోబోర్డు పందెములకును చోటు లభించినది. పలకను కొని యిచ్చుట తండ్రిపని కావచ్చును గాని, తడిసి యింటికి వచ్చిన పలకను ఆరబెట్టుట, దాని నొకచోట దాచుట, మైనము కరగించునపుడు పిల్లలు చేయి కాల్చుకొనకుండ చూచుట తరచుగా తల్లిమీదనే పడును. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి యున్నది. ఈ మైనములలో కొన్నిటియందు మనుష్యదేహమునకు కీడు చేయు ద్రవ్యములు గలవని తేలినది. కావున ఇంటిలో ఏ మైనము కరగుచున్నదో, దాని పొగ నెవరు పీల్చుచున్నారో ఎరుగుట గృహిణికి అవసరము.

మంచుపలక పుట్టుక

ఈ ఆట ఒక గృహములోనే పుట్టినదని తెలిసినచో మన పాఠకురాండ్రకు సంతోషము కలుగును. 1965వ సంవత్సరము క్రిస్మసు పండుగనాడు అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున మస్కీగన్ అను ఊరిలో షెర్మన్ పాపెన్ అను నతడు తన కుమార్తెలను ఆడించుటకై రెండు మంచుబద్దలను ప్రక్కప్రక్కన చేర్చి బిగించి, దానిపై నిలిచి జారునట్లు ఒక పలకను కల్పించెను. సముద్రపు అలలపై పలక నెక్కి జారు ఆటను సర్ఫింగు అందురు. మంచును స్నో అందురు. ఈ రెండు మాటలను కలిపి ‘స్నర్ఫర్’ అను పేరు పెట్టినది అతని భార్య నాన్సీ. ఆ తొలి పలకకు పాదములను బంధించు పట్టీలు లేవు. ముందుకొనకు కట్టిన త్రాటిని చేత పట్టుకొని జారెడివారు. 1970ల చివర జేక్ బర్టన్ కార్పెంటరు, టామ్ సిమ్స్ మొదలైనవారు దానిని పెంపొందించి నేటి రూపమునకు తెచ్చిరి. 1998లో జపానులోని నగానోలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో ఈ ఆట మొదటిసారి చేర్చబడెను. ఆ యేట స్త్రీల జైంట్ స్లాలమ్ పందెమున ఫ్రాన్సు దేశీయురాలు కారీన్ రూబీ స్వర్ణపతకమును గెలిచెను.

పలక చూచుటకు ఒకే బద్దవలె కనబడినను అది పలుపొరల కూర్పు. నడుమ తేలికయైన కఱ్ఱ యుండును. దానికి పైనను క్రిందను గాజునారతో నేసిన పొరలుండును. పైముఖమున రంగులు, బొమ్మలు ముద్రించిన రేకు, అడుగున నున్నని ప్లాస్టికు పొర, చుట్టును ఉక్కు అంచు. పిల్లల చూపు పైబొమ్మమీదనే నిలుచును. పలకయొక్క ఆయువంతయు అడుగుపొరలోను అంచులలోను ఉన్నది.

అడుగుపొర స్వభావము

ఈ అడుగుపొరను పాలిఎథిలీను అను ప్లాస్టికుతో చేయుదురు. మన యిండ్లలోని బిందెలు, సంచులు చేయు ప్లాస్టికుకు ఇది దగ్గరి చుట్టము. ఇందులో మిక్కిలి పొడవైన అణువులు గల జాతి అరుగుదలకు బాగుగా ఓర్చును. మోకాలి కీళ్లు అరిగిన వృద్ధులకు శస్త్రవైద్యులు అమర్చు కృత్రిమసంధులలో ఎముకల నడుమ నుంచు మెత్త కూడ ఈ జాతిదే. రాపిడిని ఓర్చుటయు, నున్నగా జారనిచ్చుటయు దీని సహజగుణములు.

అడుగుపొరలు రెండు విధములు. ప్లాస్టికును కరగించి, సందుగుండ రేకువలె లాగి చేసినది మొదటిది. ఇది చౌక, దెబ్బతినినను బాగు చేయుట సులభము, కాని మైనమును అంతగా పట్టదు. ప్లాస్టికు పొడిని వేడితోను ఒత్తిడితోను ముద్దగా కూర్చి, ఆ ముద్దనుండి సన్నని పొరగా కోసినది రెండవది. దీని వెల హెచ్చు. మైనమును బాగుగా పీల్చుకొనును. పూత యున్నంతకాలము మిక్కిలి వేగముగా జారును. అయితే దీనికి పూత తరచుగా వేయవలెను. ఎండిపోయిన రెండవజాతి పొర, పూత గల మొదటిజాతి పొరకంటె తీసికట్టు. క్రొత్తగా నేర్చు పిల్లలకు చౌకదియే చాలును. వెలహెచ్చు పలకను కొని మైనము వేయక పాడుచేయుటకంటె అదియే మేలు.

మన యిండ్లలో ఇనుపపెనమునకు నూనె పట్టించు పద్ధతిని తలచినచో ఈ సంగతి సులభముగా బోధపడును. క్రొత్తపెనమునకు నూనె రాచి కాచి, మరల రాచి కాచి, కొన్నాళ్లకు దోసె అంటకుండ లేచునట్లు చేయుదుము. అట్టి పెనమును బూడిదతో తోమి, నూనె లేక ఎండబెట్టినచో మరునాడు దోసె అంటుకొనును, పెనము త్రుప్పు పట్టును. పలకయు అట్లే. ఒక్కసారి వేసిన పూతకంటె పలుమారులు వేసిన పూత మేలు. మంచుమీద రాపిడికి పైమైనము పోయినను, లోనికి ఇంకినది కొంతకాలము కాపాడును.

పూత తరిగినదని తెలియుట కష్టము గాదు. నల్లని అడుగుపొర అంచుల దాపున తెల్లవారి, పొడిబారిన చర్మమువలె నూగునూగుగా కనబడును. అరచేతితో తడిమినచో గరుకుగా తగులును. సాధారణముగా మూడు మొదలు అయిదు దినముల ఆటకు ఒకసారి పూత వేయుట మంచిది. యంత్రములతో కురిపించిన కృత్రిమపు మంచు సహజమైన దానికంటె హెచ్చుగా రాపిడి పెట్టును గనుక అట్టి వాలులపై ఆడు పిల్లల పలకలకు ఇంకను ముందుగనే వేయవలెను.

జారుడు రహస్యము

మంచు ఏల జారునను ప్రశ్న శాస్త్రజ్ఞులను చిరకాలము ఆలోచింపజేసినది. 1939లో బౌడెన్, హ్యూస్ అను శాస్త్రజ్ఞులు స్విట్జర్లాండులోని యుంగ్‌ఫ్రౌయోఖ్ కొండమీద పరీక్షలు జరిపి, రాపిడివలన పుట్టిన వేడికి మంచు రవంత కరగి, అడుగున సన్నని నీటిపొర ఏర్పడుటయే జారుటకు ముఖ్యకారణమని ప్రకటించిరి. మంచు ముఖమున అణువులు సహజముగనే కొంత వదులుగా నుండునని తరువాతి పరిశోధకులు దీనికి చేర్చిరి.

గృహిణులకు పనికివచ్చు విషయమేమనగా, ఆ నీటిపొర మితముగా నుండవలెను. చలి మిక్కుటమైనపుడు నీరు చాలినంత పుట్టదు. మంచురవలు ఇసుకవలె గట్టిగను వాడిగను ఉండి మెత్తని మైనములో గ్రుచ్చుకొని పలకను ఆపును. అపుడు గట్టిమైనము కావలెను. ఎండకాసి మంచు కరగునపుడు నీరు హెచ్చగును. తడిసిన బల్లపై నుంచిన గాజుపలక అంటుకొని ఊడిరాని విధముగా పలక మంచుకు అంటుకొనును. అపుడు నీటిని విదలించు మెత్తనిమైనము కావలెను.

ఇది కేవలము వేగమునకు సంబంధించిన మాట గాదు. నీడలోని చలిమంచుపై వడిగా జారివచ్చు బాలుడు ఎండ తగిలిన తడిమంచుమీదికి రాగానే పూత లేని పలక చటుక్కున పట్టివేయును. వాడు ముందునకు బోర్లపడును. ఈ ఆటలో రెండు పాదములును ఒకే పలకకు బంధింపబడి యుండును గనుక అడుగువేసి నిలద్రొక్కుకొనుటకు వీలులేదు. చేతులు చాచుట సహజము. క్రొత్తగా నేర్చువారికి మణికట్టు విరుగుట ఈ ఆటలో అందుకే తరచుగా జరుగును. మణికట్టునకు కవచములును, తలకు శిరస్త్రాణమును తప్పక ధరింపజేయవలెను. వానితో పాటు పలకకు పూతయు ఉండవలెను. సమతలమైన త్రోవలలో పలక కదలక నిలిచినచో, మంచుబద్దలవారికివలె చేత ఊతకఱ్ఱలు లేవు గనుక, పిల్లవాడు పట్టీ విప్పి చలిలో కుంటుచు నడువవలసివచ్చును.

మైనములందు రకములు

కఱ్ఱతో చేసిన మంచుబద్దలకు నార్వే మొదలగు దేశములలో పైను చెట్టు తారు పూసెడివారు. 1860లలో కాలిఫోర్నియా కొండలలోని బంగారుగనుల పనివారు పందెములకై తిమింగలపు క్రొవ్వుమైనము, పైను బంక, కర్పూరము మొదలగువానిని కలిపి కాచి, ఆ పాకమును ఒకరికొకరు తెలుపక రహస్యముగా దాచెడివారట. 1913లో నార్వే దేశీయుడు పీటర్ ఓస్ట్‌బ్యు తడిమంచునకు తగిన జిగురుమైనమునకు హక్కుపత్రము పొందెను. 1946లో స్వీడనులో ఏర్పడిన స్విక్స్ సంస్థ మంచు చలిని బట్టి రంగులు వేరుగానుండు మైనములను ప్రచారమునకు తెచ్చెను.

నేటి మైనములలో హెచ్చుభాగము మన క్రొవ్వొత్తులలో నుండు పారఫినే. తేనెపట్టు మైనము గాక, రాతినూనెనుండి తీసినది. సోయా మొదలగు మొక్కలనుండి చేసినవియు ఇపుడు అమ్ముచున్నారు. రంగుల వాడుక అన్ని కంపెనీలలో ఒక్కటి గాకున్నను, సామాన్యముగా ఆకుపచ్చ మిక్కిలి చలికిని, నీలము దానికి కొంచెము తక్కువ చలికిని, ఎఱుపు శూన్యమునకు దగ్గరి చలికిని, పసుపు కరగుచున్న తడిమంచునకును గుర్తులు. కట్టమీద సెంటీగ్రేడు అంకెలు ముద్రించి యుండును. ఆ అంకెలు గాలికా, మంచునకా యన్నది చదివి చూడవలెను. గాలి ఎంత వెచ్చనైనను మంచు శూన్యము దాటి వేడెక్కదు, దాటినచో నీరగును. ఏది కొనవలెనో తోచనివారు అన్ని చలులకును పనికివచ్చు మధ్యరకపు మైనమును ఒకటి కొని యుంచుకొన్నచో ఇంటి అవసరము తీరును.

పూత వేయు విధానము

కావలసిన సామగ్రి యిది: మైనపు బిళ్ల, మైనమునకై ప్రత్యేకించిన ఇస్త్రీపెట్టె, ప్లెక్సీగ్లాసుతో చేసిన గీకుడు పలక, నైలాను బ్రష్షు ఒకటి, దొరకినచో ఇత్తడితీగల బ్రష్షు ఒకటి, పాతగుడ్డలు, నేలపై పరచుటకు పాతకాగితములు, పలక నునిచి పని చేయుటకు కదలని బల్ల.

బట్టలకు వాడు ఇస్త్రీపెట్టెను దీనికి వాడరాదు. ఆవిరి రంధ్రములలో మైనము చేరినచో మరునాడు పట్టుచీర పాడగును. అంతేగాక దాని వేడి నిలకడగా నుండదు; ఒక క్షణము చల్లబడి, మరుక్షణము మితిమీరును. అడుగుపొర ప్లాస్టికు దాదాపు 130 మొదలు 135 సెంటీగ్రేడు డిగ్రీల వేడిలో కరగు జాతి గనుక వేడిపెట్టె ఒక్కచోట నిలిచినచో పొర పొంగును. మైనపు పెట్టెకు అడుగు దళసరిగానుండి వేడిని సమముగా నిలుపును. ఎంత వేడి కావలెనో మైనపు కట్టమీద వ్రాసియుండును. మెత్తనివానికి తక్కువ, గట్టివానికి హెచ్చు. మైనము పెట్టెమీద పొగలేచినచో వేడి హెచ్చినదని గురుతు, వెంటనే తగ్గింపవలెను.

మొదట పలకను లోపలికి తెచ్చి గదివేడికి రానిచ్చి, తుడిచి, ఆరనియ్యవలెను. చల్లని పలకకు మైనము పట్టదు. పాదములను బంధించు బైండింగుల మరలను వదులు చేయుట, లేక వానిని ఊడదీయుట మంచిది. ఆ మరలు ఉక్కువి గనుక వేడిని త్వరగా గ్రహించి, అడుగుపొరలో గుంటలు పడజేయవచ్చును.

రెండవది మురికి తీయుట. ఇత్తడి బ్రష్షుతో ముందుకొననుండి వెనుకకొనవరకు ఒకేవైపు రుద్దవలెను. మురికి హెచ్చుగా నున్నచో మెత్తనిమైనమును కరగించి పూసి, అది గట్టిపడకముందే, వెచ్చగా నుండగనే గీకివేయవలెను. మైనముతో గూడ నల్లని మురికి లేచివచ్చును. తైలములతో చేసిన శుభ్రద్రావకములు అంగళ్లలో దొరకును గాని, అవి పొరలోని మైనమును గూడ లాగివేయును. కొన్ని తేలికగా నిప్పంటుకొనును. తరచు వాడుట మంచిది గాదు.

మూడవది పూత. ఒకచేత పెట్టెను మొనక్రిందుగా పట్టి, రెండవచేత మైనపు బిళ్లను దాని కానించినచో మైనము బొట్టుబొట్టుగా రాలును. ఆ బొట్లను పలకయంతట, ముఖ్యముగా అంచుల వెంబడి, దగ్గర దగ్గరగా రాల్పవలెను. పిదప పెట్టెను పలకమీద మోపి, ముందుకొననుండి వెనుకకొనకు ఆపక నడుపవలెను. పెట్టె గడచిన తరువాత మైనము మూడు నాలుగు సెకండ్లకాలము ద్రవముగా మెఱయుచు పిదప మసకబారినచో వేడియు వడియు సరిగా నున్నవని తెలియవలెను. నడుమ నడుమ పలక పైముఖమును చేతితో తాకి చూడవలెను. గోరువెచ్చగా నున్నచో చాలును. వేడిగా తగిలినచో పని యాపి చల్లారనియ్యవలెను. పెట్టెను పలకమీద విడిచి, తలుపు కొట్టినవారిని చూచుటకు లేచిపోవుట ఎన్నడును కూడదు.

నాలుగవది ఓరిమి. పూత వేసిన పలకను కనీసము అరగంట, వీలైనచో గంట, లేక రాత్రియంతయు చల్లారనియ్యవలెను. త్వరపడి చలిలో వెలుపల నుంచినచో పైమైనము వెంటనే గట్టిపడి లోనికి ఇంకదు.

అయిదవది గీకుట. క్రొత్తవారికి ఇది వింతగా తోచును. ఇంత శ్రమపడి పూసిన మైనమును మరల ఏల గీకవలెనని అడుగుదురు. పనిచేయునది లోనికి ఇంకిన మైనమే గాని పైన దట్టముగా నిలిచినది గాదు. పైన మిగిలినచో మంచురవలు దానిలో నాటుకొని పలకను ఆపును. గీకుడు పలకను రెండు చేతులతో కొంచెము వాల్చి పట్టి, ముందుకొననుండి వెనుకకొనకు సన్ననిపొట్టు లేచునట్లు గీకవలెను. ఉక్కు అంచులపై నిలిచిన మైనమునుగూడ తీసివేయవలెను. లేనిచో అంచు గట్టిమంచును పట్టదు.

ఆరవది బ్రష్షుతో రుద్దుట. అడుగుపొరలో కంటికి సరిగా కానరాని సన్నని గాళ్లుండును. నీరు వానిగుండ పారిపోవుటవలననే పలక అంటుకొనకుండును. గాళ్లలో నిండిన మైనమును నైలాను బ్రష్షుతో తీసివేసినచో పొర నల్లగా నిగనిగలాడును. కడపట మెత్తనిగుడ్డతో తుడువవలెను. పొట్టును కాగితములో పోగుచేసి చెత్తబుట్టలో వేయవలెను. నీటితో కడిగి తూములో పోసినచో గొట్టములో గడ్డకట్టును. పొట్టు పడిన నేల మిక్కిలి జారును. ఇంటిలో వృద్ధులున్నచో వెంటనే ఊడ్చివేయవలెను.

ఈ పని యంతయు మొదటిసారి రెండు గంటలు పట్టినను, చేయి తిరిగిన పిదప చల్లారు కాలము గాక అరగంటలో ముగియును. త్వరలో నున్నవారికి చేతితో రాచు మైనపుముద్దలు దొరకును గాని, అవి కొన్నిమారులు జారువరకే నిలుచును.

మైనములోని విషము

ఇక ముఖ్యమైన విషయము. 1980లలో మంచుమైనములలో ఫ్లోరిను కూర్పులను చేర్చు పద్ధతి వచ్చినది. వానికి నీరు, నూనె, మురికి ఏదియు అంటదు. పందెములలో వేగము హెచ్చినది. సెకండులో నూరవవంతునకు ఎంత విలువయో 2018 ఒలింపిక్ క్రీడలలో లోకము చూచినది. చెక్ దేశీయురాలు ఎస్తెర్ లెదెత్స్కా మంచుబద్దల సూపర్-జీ పందెమును 0.01 సెకండు తేడాతో గెలిచి, వారము దినములకు స్నోబోర్డు పందెమునందును స్వర్ణపతకము నందుకొనెను. అంతటి స్వల్పభేదమునకై పోటీపడువారు క్రొత్తమైనమును వెంటనే చేపట్టుటలో వింత లేదు.

అయితే ఆ ఫ్లోరిను కూర్పులు ప్రకృతిలో శిథిలము గావు. మట్టిలోను, నీటిలోను, దేహములోను ఏండ్ల తరబడి నిలిచియుండును. అందులో నొకటి పీఎఫ్ఓఏ అనునది. నాన్‌స్టిక్ పెనముల పూత తయారుచేయుటలోను పూర్వము దీనిని వాడిరి. స్వీడనులో మైనము పూయుటయే వృత్తిగా గల పనివారి రక్తమును పరీక్షింపగా ఈ ద్రవ్యము సామాన్యజనుల రక్తములోకంటె అనేకరెట్లు హెచ్చుగా నున్నదని 2010లో ప్రకటింపబడెను. మూసిన గదులలో వేడిపెట్టెలనుండి లేచు పొగయు, గీకునపుడు లేచు పొడియు దీనికి కారణములు.

దీని కీడు ఎట్టిది? అమెరికాలోని పశ్చిమ వర్జీనియాలో ఒక కర్మాగారమునుండి పీఎఫ్ఓఏ త్రాగునీటిలో కలిసినపుడు, శాస్త్రజ్ఞుల మండలి యొకటి ఆ ప్రాంతపు వేలాది జనులను పరిశీలించి, 2012 నాటికి తన అభిప్రాయములను ప్రకటించెను. మూత్రపిండములకును వృషణములకును వచ్చు క్యాన్సరు, థైరాయిడు వ్యాధి, పెద్దప్రేగు పుండ్లు, రక్తములో క్రొవ్వు హెచ్చుట, గర్భిణీస్త్రీలకు రక్తపుపోటు హెచ్చుట, ఈ ఆరింటికిని ఆ ద్రవ్యముతో సంబంధ ముండుట సంభావ్యమని వారి నిర్ణయము. తల్లిదేహములోని ఈ ద్రవ్యము గర్భస్థశిశువునకును, చనుబాలద్వారా పసిబిడ్డకును చేరుచున్నది. 2023లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ దీనిని మనుష్యులకు క్యాన్సరు కలిగించు ద్రవ్యముల మొదటితరగతిలో చేర్చెను.

ప్రభుత్వములును క్రీడాసంఘములును మేల్కొన్నవి. 2020 జూలైనుండి ఐరోపా సమాఖ్యలో పీఎఫ్ఓఏ నిషేధింపబడెను. అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రము 2021లో శాసనము చేసి, 2023 జూలైనుండి ఈ జాతి ద్రవ్యములు గల మంచుమైనముల అమ్మకమును మాన్పించెను. అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2019లోనే నిషేధమును ప్రకటించినను, పరీక్షించు యంత్రము సిద్ధము గానందున జాగుపడి, 2023-24 పోటీలనుండి దానిని అమలులో పెట్టెను. ఆ సంవత్సరపు అక్టోబరులో ఆస్ట్రియాలోని సోల్డెన్ పందెమున నార్వే క్రీడాకారిణి రాగ్న్‌హిల్డ్ మోవింకెల్ బద్దలపై ఫ్లోరిను కనబడగా ఆమెను పోటీనుండి తొలగించిరి. ఆ పరీక్షకు లోబడి తొలగింపబడినవారిలో ఆమెయే మొదటిది.

ఇవన్నియు పెద్ద పందెముల మాటలే అని మనము ఊరకుండరాదు. పాతమైనములు ఇండ్లలో మిగిలియున్నవి. స్నేహితు లిచ్చినవి, పాతసామానుల అంగళ్లలో చౌకగా దొరకినవి, కొట్టుగదిలోని డబ్బాలో ఏండ్లనుండి పడియున్నవి ఎన్నియో కలవు. కట్టమీద ఫ్లోరో అను మాటగాని, కొన్ని పాతబిళ్లలమీద ఎల్ఎఫ్, హెచ్ఎఫ్ అను అక్షరములుగాని కనబడినచో వానిని కరగింపవలదు. ఎల్ఎఫ్ అనగా ఫ్లోరిను తక్కువది, హెచ్ఎఫ్ అనగా హెచ్చుది. చెత్తబుట్టలో పారవేయక, పాతరంగులు, బ్యాటరీలు మొదలగువానిని పురపాలకసంఘము వారు ప్రత్యేకముగా తీసికొను చోట నొప్పగింపవలెను. క్రొత్తది కొనునపుడు ఫ్లోరిను లేనిదని వ్రాసియున్నదానినే కొనవలెను. పండుగకో సెలవులకో కొండకు పోయి ఆడు పిల్లలకు ఫ్లోరిను వేగముతో పనిలేదు. సామాన్యపు పారఫిను పూత వారికి నిండుగా చాలును.

ఫ్లోరిను లేని మైనమైనను పొగ పొగయే. వంటయింటిలో గాని, పసిబిడ్డ నిద్రించు గదిలో గాని ఈ పని చేయరాదు. కారు నుంచు గదిలో తలుపు తెఱచి, లేదా గాలి బాగుగా వీచు వరండాలో చేయవలెను. గర్భిణులు, ఉబ్బసము గలవారు దూరముగా నుండుట మంచిది. పని ముగిసిన వెంటనే చేతులు కడుగుకొని గాని తినుబండారములు ముట్టరాదు. పెట్టెతీగ నేలమీద వ్రేలాడకుండ చూడవలెను; చిన్నపిల్లలు దానిని లాగినచో వేడిపెట్టె మీదపడును.

అంచులు, గాట్లు

మంచునుండి వచ్చిన పలకను తడితో సంచిలో బిగించియుంచుటవలననే అంచులు త్రుప్పుపట్టును. ఇంటికి రాగానే పొడిగుడ్డతో తుడిచి గోడవార నిలిపినచో ఈ బాధ లేదు. సన్నని త్రుప్పును రబ్బరురాతితో రుద్దినచో పోవును. రాళ్లు తగిలి ఉక్కు కరకుతేలినచోట వ్రేలు తెగును గనుక చేతితొడుగు ధరించి నున్నని రాతితో నూరవలెను. ఆకురాయితో అంచు కోణమును మార్చుట తెలిసినవారి పని. ఉక్కు పలుచనిది గనుక హెచ్చుగా తరిగినచో మరల రాదు.

అడుగుపొరపై సన్ననిగీతలకు వైద్యమక్కరలేదు. లోతైన గాటునకు పీ-టెక్స్ అను ప్లాస్టికు పుల్లను వెలిగించి బొట్లు రాల్చి, చల్లారిన పిదప చదునుగా గీకుదురు. ఆ బొట్టు చర్మముమీద పడినచో లోతుగా కాలును గనుక ఈ పనిని పిల్లల కప్పగింపరాదు. గాటులో లోపలి కఱ్ఱ కనబడినచోగాని, అంచు పలకనుండి వీడినచోగాని, ఇంటివైద్యము మాని అంగడికి పంపవలెను. కఱ్ఱలో నీరు చేరినచో పొరలు ఉబ్బి పలక యంతయు చెడును.

వేసవిలో దాచుట

మంచుకాలము ముగిసినపుడు పలకను శుభ్రపరచి, దట్టముగా మైనము పూసి, గీకక అట్లే విడువవలెను. అంచులమీదికిని మైనము రానిచ్చినచో త్రుప్పు పట్టదు. మన యిండ్లలో ఆవకాయ జాడీలో పైన తేలు నూనె లోని ముక్కలను కాచినట్లు, ఈ పూత వేసవి యంతయు అడుగుపొరను ఎండిపోకుండ కాచును. ఎండతగలని పొడిచోట, పొయ్యికిని వేడినీటి యంత్రమునకును దూరముగా నుంచవలెను. మరల చలికాలము రాగానే ఆ మైనమును గీకి, బ్రష్షుతో రుద్దినచో పలక సిద్ధము.

పిల్లలచేత చేయింపుడు

పది పండ్రెండేండ్లు దాటిన పిల్లలకు ఇందులో గీకుట, రుద్దుట, తుడుచుట చక్కగా అప్పగింపవచ్చును. వేడిపెట్టెను మాత్రము పెద్దలయెదుటనే ముట్టనియ్యవలెను. బాలికలకును బాలురకును ఈ పని సమానముగా నేర్పవలెను. తన పలకను తాను తుడిచి దాచుకొను పిల్లకు వస్తువుమీద ప్రీతియు, చేయు పనిలో ఓరిమియు అలవడును. గాటు నెక్కడ తగిలించుకొన్నదో, ఏ మంచులో పలక పట్టినదో ఆమెకే తెలియును గనుక మరునాడు కొండమీద మెలకువతో నుండును.

ఆటవస్తువు కదాయని ఉపేక్షింపక, కొండకు పోవు ముందటి సాయంకాలము ఒకమారు అడుగుపొరను అరచేతితో తడిమి చూడుడు. గరుకుగా తగిలినచో ఆ రాత్రియే పూత వేయింపుడు. అంతకంటె ముందుగా, నేడే, మీ యింట నున్న మైనపు డబ్బాను తెఱచి బిళ్లలమీది అక్షరములను చదువుడు. ఫ్లోరిను గలవి యున్నచో వేరుచేసి ఇంటినుండి పంపివేయుడు. పలక నొక దినము ఆలస్యముగా పూసినను నష్టము లేదు. ఆ పొగ మాత్రము పిల్లల ఊపిరిలోనికి పోరాదు.